పన్ను పెరిగిన యింట మొదట తగ్గునది ఏది?

జ్యేష్ఠము గడచి ఆషాఢము ప్రవేశించుసరికి మైలవరము, నూజివీడు పరిసరములలోని మామిడితోటల లెక్కలు తేలిపోవును. బంగినపల్లి, రసములు, కలెక్టరు కాయ ఒకదాని వెంట ఒకటి కోతకు వచ్చి, కొంత నున్న మార్కెట్టు త్రోవ పట్టి, కొంత తోటలోనే వర్తకునకు అప్పగింపబడి, ఏడాది ఆదాయమంతయు రెండు మూడు నెలలలోనే ఇంటికి చేరును, లేదా చేరకపోవును. మిగిలిన నెలలలో ఆ యింట ఉండునది ఖర్చు మాత్రమే. పూతమీద తేనెమంచు పురుగో తామర పురుగో పడిన సంవత్సరము చెట్టునిండ ఆకులే గాని కాయ ఉండదు. కాయ విరగకాసిన సంవత్సరము ధర ఉండదు. ఈ రెండింటి నడుమ సంసారము నడుపువారికి పొదుపు అను మాటను ఎవరును క్రొత్తగా నేర్పనక్కరలేదు.

కాని పన్నులును రుసుములును చెట్టు కాపు చూచి రావు. పంచాయతీకి కట్టు ఇంటిపన్ను, నీటిపన్ను కంటికి కనబడును. వానికి రసీదు చేతికి వచ్చును. కనబడని పన్ను వేరుగా కలదు. 2017 జూలై 1న వస్తుసేవల పన్ను వచ్చిన నాటినుండి సబ్బు మొదలుగా అనేకమైన కొనుగోళ్లలో అది కలిసియే ఉన్నది. 2022 జూలై 18 నుండి, సంచిమీద పేరు ముద్రించి మూతికట్టి 25 కిలోలకు మించకుండ అమ్ము బియ్యము, పప్పు, పిండి మీదను నూటికి 5 చొప్పున పడినది. కరెంటు బిల్లులో సర్దుబాటు అను పద్దొకటి చేరి, ఎన్నడో వాడిన విద్యుత్తునకు నేడు వెల చెల్లింపజేయుచున్నది. విజయవాడలో ఇల్లు కొనుక్కొన్న కుటుంబములకు 2021లో ఆస్తిపన్ను అద్దె విలువనుండి మూలధన విలువ లెక్కకు మారినది. అదే సంవత్సరము చెత్త రుసుము తోడైనది. ఆ చెత్త రుసుము 2024లో రద్దయినది గాని, కట్టిన సొమ్ము జ్ఞాపకము మాత్రము రద్దు కాలేదు.

ఇట్టి స్థితిలో గృహస్థు లెక్కల పుస్తకము ముందు పెట్టుకొని కూర్చుండును. ఏదియో ఒకటి తగ్గింపక తప్పదు. ఇంతవరకు ఇది గణితము. ఏది మొదట తగ్గింపవలెనని కలము పట్టుకొన్న క్షణమున అది ధర్మప్రశ్న అగుచున్నది. అనేక గృహములలో ఈ ప్రశ్నకు జవాబు ఆలోచనకు రాకముందే చేతికి వచ్చును. మఠమునకు ఏటేట పంపు ధాన్యము సగమగును. పనిమనిషికి పెంచెదమన్న జీతము వచ్చే ఏటికి పోవును. తోట కాపలాదారునకు పండుగకు పెట్టు బట్టలు మానివేయబడును. వేళ కాని వేళ వచ్చిన అతిథికి వండి పెట్టుట తగ్గి, కాఫీతో సరిపెట్టుట మొదలగును. వివాహమునకు వేయు పందిరి, ఎదుటివారు వేసినదానికంటె అడుగు కూడ తగ్గదు. అప్పు చేసియైనను దానిని నిలుపుదురు. తగ్గించిన పద్దులన్నియు ఇతరుల పాలుగా ఇంటనుండి వెడలునవి. తగ్గని పద్దులు ఇంటివారి మాట చాటునవి. పన్ను పెరిగినదని చెప్పిన మాట అబద్ధము కాదు. అయితే ఆ పన్ను బరువు ఎవరి వీపునకు మారినదో పుస్తకము చెప్పదు.

ఈ బరువు మారుట సామాన్యముగా క్రిందికే జరుగును. మిల్లు యజమాని తన పన్నును దుకాణదారునిపై వేయును. దుకాణదారు కొనువానిపై వేయును. కొనువాడు తన యింట పనిచేయువారిపై వేయును. కూలివానికి తన క్రింద ఎవరును లేరు. అతని యింట అది చిట్టచివర అన్నము తిను ఇల్లాలి పళ్లెమునకు చేరును. 2025 సెప్టెంబరు 22న సబ్బులు, తలనూనెలవంటి అనేక వస్తువుల పన్ను నూటికి 18 నుండి 5కు దిగినది. నేతికి, వెన్నకు 12 నుండి 5కు దిగినది. పన్ను పెరిగినందున ఆగిన పనిమనిషి జీతము, ఆ పన్ను దిగిన నెలలో పెరిగిన గృహములెన్ని? లెక్కింప బూనినచో వ్రేళ్లు మిగులునేమో.

కల్యాణపట్టణపు శరణులలో ఆయ్దక్కి మారయ్య దంపతుల కథ ఈ సందర్భమున స్మరింపదగినది. పండ్రెండవ శతాబ్దిలో శరణుల ముంగిళ్లలో నేల రాలిన బియ్యమును ఏరి తెచ్చుట మారయ్య కాయకము. ఏరిన బియ్యమనియే ఆ కన్నడ బిరుదునకు అర్థము. ఆ గింజలతోనే ఇల్లు గడచును. ఆ గింజలతోనే దాసోహము జరుగును. ఒకనాడతడు నిత్యముకంటె ఎక్కువ బియ్యము తెచ్చెను. సామాన్యమైన ఇల్లాలు సంతసించి రేపటికి దాచి యుండును. లక్కమ్మ సంతసింపలేదు. నేటి అక్కరకు మించి తెచ్చుట ఆశ యగునని చెప్పి, ఆ అధికమును ఎచ్చట ఏరితివో అచ్చటనే పోసి రమ్మని భర్తను మరలించెను. అతడు మరల పోయెను.

ఈ కథను పేదవారికి తృప్తి బోధించుటకు వాడువారు కలరు. ఉన్నదానితో సరిపెట్టుకొనుడని, పన్ను పెరిగినను నోరు మెదపకుడని చెప్పుటకు లక్కమ్మ పేరు తెచ్చుట సులభము. అది కథను తలక్రిందులు చేయుటయే. తక్కువతో బ్రతుకుమని సంపన్నుడు ఒక పేదరాలికి చెప్పిన మాట కాదిది. పేదరాలు తన యింటికి తానే పెట్టుకొన్న కట్టు. అంతేకాదు. నేడు పొదుపు అనగా భర్త ఆజ్ఞ, భార్య అమలు. నూనె తక్కువ పోయుట, చీర మరి యొక యేడు కట్టుట, పాలలో నీరు కలుపుట ఆమె వంతు. కల్యాణములో ఇల్లాలు లెక్క చూచినది. పెనిమిటి మరల నడచినాడు. తగ్గింపు ఇంటిలోనికి వచ్చు వాకిట జరిగినది గాని, ఇంటినుండి ఇతరులకు పోవు వాకిట కాదు. ఆ దినమున వారి దాసోహము ఒక పిడికెడైనను తగ్గినదని కథలో లేదు. తగ్గినది రేపటికై దాచుకొనదగిన ఆ అధికము మాత్రమే.

రేపటి మాట లేకుండ మామిడి రైతు బ్రతుకలేడు గదా, రెండు నెలల రాబడితో ఏడాది గడపవలసినవాడు దాచక ఏమి చేయగలడు, అని ఆక్షేపణ రావచ్చును. న్యాయమైన ఆక్షేపణయే. నిత్యము ఏరుకొనువారి నియమమును ఏడాదికొకసారి కోయువారికి అక్షరాల అంటగట్టరాదు. తోటవానికి అక్కర అనునది దినముతో కొలువబడదు, కాపుతో కాపుతో కొలువబడును. ఈ కాపునుండి మరు కాపు వరకు తిండి, చదువు, మందులు, ఎరువులు, పన్నులు, ఒక చెడు సంవత్సరపు నిలువ, ఇంతవరకు అక్కరయే. దాని తరువాతిదానికే లక్కమ్మ ప్రశ్న వర్తించును. మంచి కాపు వచ్చిన యేడు ఆ ప్రశ్న వేసికొననివారు చెడు కాపు యేట పొదుపు గురించి ఎంత చెప్పినను అది లేమి పలికించిన మాటయే.

ఇక పన్ను సంగతి. పన్ను కట్టుటయే దాసోహమని వేదికలమీద కొందరు చెప్పుదురు. ఈ పోలిక నిలువదు. దాసోహము అడుగకముందే పెట్టునది, పెట్టితినన్న తలపు కూడ లేక పెట్టునది. పన్ను అడిగి, గడువు విధించి, జరిమానా చూపి తీసికొనునది. రెండింటిని ఒకటి చేసినచో దాసోహము దిగజారును, పన్ను ప్రశ్నకు అతీతమగును. అయితే రెండును కలిసెడి చోటొకటి కలదు: రెండు సందర్భములలోను ఆ సొమ్ము ఇంటివాని సొంతము కాదు.

బసవేశ్వరుడు బిజ్జలుని భండారపు లెక్కలు చూచినవాడు. ఇంటివద్ద ఎడతెగని జంగమార్చన, కొలువులో రాజు ధనము, రెండును ఒక్కని చేతిమీదనే నడచెను. సహజముగనే కొండెములు పుట్టెను. రాజు సొమ్ము జంగముల పాలగుచున్నదని విరోధులు చెప్పగా బిజ్జలుడు భండారము తెరిపించి లెక్కించెననియు, ఒక్క కాసు కూడ తగ్గలేదనియు పాల్కురికి సోమనాథుడు తన బసవపురాణమున వర్ణించెను. దీనిని భక్తులు మహిమగా చదువుదురు. గృహస్థులు దీనిని లెక్కగా కూడ చదువవలెను. దాసోహము ఎంత గొప్పదైనను, దానిని ఇతరుల భండారమునుండి చేయరాదు.

నేటి దుకాణములలో వినబడు మాట ఒకటి కలదు: బిల్లు కావలెనన్న ఒక ధర, వలదన్న ఒక ధర. ఇట్లు మిగిల్చిన సొమ్ముతో శివరాత్రికి అన్నసంతర్పణ చేసినచో ఆ పంక్తిలో వడ్డించినది ఎవరి అన్నము? బిల్లు వలదన్న కొనుగోలుదారునకు కూడ ఈ ప్రశ్నలో పాలు కలదు. ఊరి ఆసుపత్రిలో మందు లేదని, బడి కప్పు కారుచున్నదని సాయంకాలము అరుగుమీద వాపోవువాడు ఉదయము బిల్లు వలదన్నవాడే అయినచో, ఆ వాపోవుటలో సగము తన్ను గురించినదే.

బియ్యపు సంచి సంగతి మాత్రము వేరు. 25 కిలోల వరకే పన్నని చట్టము గీత గీయగా, మిల్లులవారు 26 కిలోల సంచులు కట్టిరి. సంచి ధర 1,400 రూపాయలైనచో 70 రూపాయలు తప్పినవన్నమాట. ఇందు దొంగలెక్క లేదు, బొంకు లేదు. గీత ఎచ్చట ఉన్నదో అందరకు తెలియును. ఆ సంచి కొన్న గృహిణిని తప్పుపట్టుట అతి నిష్ఠ యగును. కాని చిన్న సంచులలో కొను ఇల్లు పన్ను చెల్లించుచుండగా, ఒక్కసారి 26 కిలోల వెల పెట్టగల ఇల్లు తప్పించుకొనుచున్నదని గుర్తించుట ఆ చట్టము చేసినవారికి అవసరము.

మరి పన్నే అన్యాయమైనచో? దాచుట తప్పు, కట్టుట కష్టము. మూడవ త్రోవ లేదా? ఆ త్రోవను నడచి చూపినవారు ఆంధ్రదేశముననే కలరు. నేడు మైలవరమున్న జిల్లాలోనిదే పెనుగంచిప్రోలు. అచ్చట 1889లో జన్మించిన దుగ్గిరాల గోపాలకృష్ణయ్య, చీరాల పేరాల ప్రజలకు నాయకుడాయెను. ఆ రెండు గ్రామములను ప్రభుత్వము కలిపి పురపాలక సంఘము చేయగా, ఏటికి సుమారు 4,000 రూపాయలుగా ఉన్న పన్ను భారము 40,000 రూపాయల దాక పెరిగెను. నేతగాండ్రు, చిన్న రైతులు అధికముగా గల ఊరు అది. వారు పన్ను చెల్లించుట మానివేసి శిక్షలకు సిద్ధపడిరి. జైలుకు పోయినవారిలో ఒక స్త్రీ కూడ కలదు. 1921 ఏప్రిల్‌లో గాంధీ వచ్చి, అహింసతో పన్ను నిరాకరింపవచ్చును, లేదా ఊరే విడువవచ్చును అని రెండు దారులు చూపగా, ప్రజలు రెండవదానిని ఎంచుకొనిరి. వేలకొలది జనము ఇండ్లకు తాళములు వేసి, ఊరి వెలుపల రామనగర్ అను పేర పాకలు వేసికొని, ఎండకు వానకు ఓర్చి సుమారు పదునొకండు నెలలు గడపిరి. గోపాలకృష్ణయ్య జైలు పాలయ్యెను. చివరకు వారు తిరిగి ఊరు చేరిరి. పురపాలక సంఘము నిలిచియే యుండెను.

వారు గెలిచిరా ఓడిరా అనునది చరిత్రకారుల సంగతి. గృహధర్మము దృష్టితో చూడదగినది వేరొకటి కలదు. వారు పన్ను ఎగవేయలేదు; ఎదిరించిరి. లెక్క దాచలేదు, బహిరంగముగ కాదనిరి. దాని వెలను క్రిందివారిపై నెట్టక తామే చెల్లించిరి. పన్ను పెరిగినప్పుడు ఖర్చులలో దేనిని తగ్గింపవలెనన్న ప్రశ్నకు ఆ సంవత్సరము వారి జవాబు, తలమీది కప్పు. పంచాచారములలో సదాచారముతోపాటు గణాచారము కూడ ఉండుటకు గల హేతువు ఇట్టి ఘట్టములలో తెలియును. ధర్మార్జితముతో జీవించుట ఒకటి. అన్యాయమును సహింపకుండుట రెండవది. మొదటిది లేనివాని రెండవది వట్టి కేక.

నేటి గృహస్థునకు ఊరు విడువ నక్కరలేదు. గ్రామసభకు పోయి పన్ను సొమ్ము దేనికి వ్యయమైనదని అడుగుట చాలును. మామిడి ధర గురించి మార్కెట్టులో గంటలకొలది వాదించువారిలో ఎందరు ఆ సభకు పోవుదురో ఆయా గ్రామములకే తెలియును.

తోటను పూతమీదనే వర్తకునకు గుత్తకిచ్చినను, రెండు మూడు రసము చెట్లను ఇంటికై నిలుపుకొనువారు ఈ ప్రాంతమున కలరు. ఆ చెట్ల కాయ బంధువుల ఇండ్లకు, మఠమునకు, కాపలాదారు గుడిసెకు, ఇంటిముందు ఆగిన బాటసారికి పోవును. లెక్కల పుస్తకములో వానికి పద్దు లేదు. ధర లేని యేట వానిని కూడ వర్తకునకే ఇచ్చివేయుదమని మగవారు అరుగుమీద అనుకొనుచుండగా, లోపల ఇల్లాలు గడ్డి పరచి రసములు పేర్చుచుండును. ఆ చెట్ల సంగతి తేల్చునప్పుడు ఆమెను ఒక మాట అడిగి చూడవలెను.