మధురవాణి నీతి

నాటకకర్త నీతిని పాత్రల ముఖమున పలికించుట సులభము. ప్రేక్షకుని హృదయమే దానిని కనుగొనునట్లు చేయుట దుష్కరము. 1892లో విజయనగరమున ప్రదర్శితమై, 1909లో విస్తృతరూపమున వెలువడిన 'కన్యాశుల్కము' నాటకమున గురజాడ అప్పారావుగారు దుష్కరమైన మార్గమునే అవలంబించిరి. కరటకశాస్త్రి తన శిష్యునకు ఆడువేషము వేసి వృద్ధుడగు లుబ్ధావధానులకు పెండ్లికూతురని విక్రయించునపుడు, ఆ పిల్ల మగపిల్లవాడని మనమెరుగుదుము, వృద్ధుడెరుగడు. అతని యజ్ఞానమునకు నవ్వుచున్న మనము, అట్టి స్థానమున నిజముగా నొక పసిబాలిక యుండుటను ఆచారము పేర నాటి లోకము సహించినదని స్ఫురించినంతనే సిగ్గుపడుదుము. ఎంత కరుణార్ద్రమైన హాస్యమిది!

ఇట్లే, ఈ నాటకమున గిరీశము చేయు సంస్కరణోపన్యాసముల వెనుక నున్న స్వార్థము మనకు మొదటినుండియు విదితమే. సాధుశీలుడైన సౌజన్యారావు పంతులునకు మాత్రము కడపటివరకు తెలియదు. వేశ్యాసంపర్కమును సర్వథా వర్జించిన ఆ మహానుభావునకు ఆ సత్యమును తెలిపినది, పురుషవేషమున ఆయన యింటికి వచ్చిన వేశ్య మధురవాణియే. అంతకుముందు తాను చేసిన సాయమునకు ప్రతిఫలముగా కోరిన ముద్దును సైతము, ఆయన నియమము భగ్నము కారాదని, ఆమెయే వలదన్నది. ఆ రంగమున ఉపదేశించినవాడు పంతులే కావచ్చును. ధర్మమును ఆచరించి చూపినది మాత్రము ఆ వారకాంత యనియే నా నిశ్చితాభిప్రాయము.