పార్టీ విధేయత, మనస్సాక్షి

రాజన్న సిరిసిల్ల జిల్లా తంగళ్ళపల్లి మండలంలో గానీ తెలంగాణలోని మరే ఊళ్ళో గానీ సర్పంచ్ ఎన్నిక పార్టీ గుర్తులు లేకుండానే జరుగుతుంది. ఎంపీటీసీని, అంటే మండల పరిషత్తు ప్రాదేశిక నియోజకవర్గ సభ్యుణ్ణి, అదే ఓటరు పార్టీ గుర్తు మీద ఎన్నుకుంటాడు. ఊరి మేలు పార్టీలకు అతీతమని నియమం చెబుతున్నా, ఏ అభ్యర్థి వెనుక ఏ కండువా ఉందో ఊరందరికీ తెలుసు.

పార్టీల మీద ఈ అనుమానం పాతదే. అమెరికాలో, స్వేచ్ఛ ఉన్నచోట వర్గాలు తప్పవని, వాటి దుష్ఫలితాలను మాత్రమే అదుపు చేయగలమని 1787లో జేమ్స్ మాడిసన్ వాదించగా, 1796లో జార్జి వాషింగ్టన్ పక్షావేశం గురించే దేశాన్ని హెచ్చరించాడు. భారతీయ విప్లవకారుడు, తాత్వికుడు ఎం.ఎన్. రాయ్ ఇంకా ముందుకు వెళ్ళి, అధికారం కోసం నడిచే పార్టీ వ్యక్తి వివేకాన్ని మింగేస్తుందని భావించి, 1948లో తన రాడికల్ డెమొక్రటిక్ పార్టీనే రద్దు చేశాడు.

మన దేశంలో విప్‌ను, అనగా పార్టీ ఆదేశాన్ని, ధిక్కరించి ఓటేసిన శాసనసభ్యుడికి 1985 నాటి ఫిరాయింపుల నిషేధ చట్టం అనర్హత విధిస్తుంది. అమ్ముడుపోవడాన్ని ఆపబోయి అది మనస్సాక్షిని నేరం చేసింది. అమ్మకాలు మాత్రం, విచిత్రంగా, ఆగలేదు. వ్యక్తి వివేకాన్ని సమూహ విధేయతకు పైన నిలిపే ఉదారవాద దృష్టిలో, 1990లో ఎన్నికల సంస్కరణలపై దినేశ్ గోస్వామి కమిటీ సూచించినట్లు, విప్ ధిక్కారానికి అనర్హత విశ్వాస, అవిశ్వాస తీర్మానాలకే పరిమితం కావాలి.