ఎవరి షాంఘై పోయింది?

షాంఘైలో పదిహేనేళ్లు, ఇరవయ్యేళ్లు ఉన్న విదేశీయులను కదిపితే చాలు, పాత షాంఘై పోయిందంటారు. వచ్చిన కొత్తలో వాళ్లకు అన్నీ వింతే. సందుల్లో వెదురు గడలకు ఆరేసిన బట్టలు, పొద్దున్నే ఆవిరి కక్కే తిండి బండ్లు, రోడ్డు నిండా సైకిళ్లు. భాష రాదు కాబట్టి ఎవరు ఎవరితో ఎందుకు పోట్లాడుతున్నారో తెలియదు, నగరం బొమ్మలా అందంగా కనిపిస్తుంది. నాలుగేళ్లకు భాష పట్టుబడుతుంది. అద్దె పెంచే యజమాని, గోడ అవతలి పొరుగువాడి రొద, అనుమతి కాగితాల కోసం తిరుగుడు అనుభవానికొస్తాయి. అప్పుడు విసుగు. మరో పదేళ్లకు ఆ విసుగు పుట్టించిన సందునే కూలగొడితే దుఃఖం. నగరం ఎంత మారిందో చూసే కన్నూ అంతే మారింది. వాళ్లు పోయిందనేదాంట్లో సగం వాళ్ల యవ్వనమే.

అలాగని మార్పంతా మనసు కల్పన కాదు. 1990లో పుడోంగ్ అభివృద్ధిని ప్రభుత్వం ప్రకటించేనాటికి హువాంగ్‌పు నదికి తూర్పున పొలాలు, గోదాములు, పనివాళ్ల ఇళ్లే ఎక్కువ. 2015 నాటికి అక్కడ 632 మీటర్ల షాంఘై టవర్ లేచింది. 1993లో మొదలైన మెట్రో ఇప్పుడు 800 కిలోమీటర్లు దాటింది. ఒక మనిషి ఉద్యోగ జీవితంలోనే ఇంత జరిగితే ఎవరికైనా కళ్లు తిరుగుతాయి. మనం అడగవలసింది వేరే ఉంది. ఈ మార్పు ఎవరిని ఎక్కడికి నెట్టింది? దాని గురించి బాధపడే గొంతు ఎవరికి దొరికింది?

యోంగ్‌కాంగ్ రోడ్డు సంగతి చూడండి. ఒకప్పుడు కూరగాయలు, చేపలు అమ్మే సన్నటి వీధి. 2010 తర్వాత అక్కడ బార్లు వెలిసి, విదేశీయుల సాయంత్రపు అడ్డా అయింది. పై అంతస్తుల్లో ముసలివాళ్లు, బడికి పోయే పిల్లలు ఉండేవారు. రాత్రుళ్లు నిద్ర లేక కొందరు కిటికీల్లోంచి నీళ్లు కుమ్మరించారు. ఫిర్యాదులు పెరిగాయి, 2016లో బార్లను మూయించారు. బార్లకు అలవాటుపడినవాళ్లకు అది తమ వీధి చావు. పైఅంతస్తువాళ్లకు కంటి నిండా నిద్ర.

ఇంకో మాట. పాత షాంఘై అని వాళ్లు ఎక్కువగా తలుచుకునేది లిలోంగ్‌లనే. రాతి ద్వారబంధాలతో, ఒకదానికొకటి ఆనుకొని వరసగా కట్టిన షికూమెన్ ఇళ్లుండే సందులవి. చూడ్డానికి ముచ్చటే. కానీ ఒక కుటుంబానికి కట్టిన ఇంట్లో నాలుగైదు కుటుంబాలు సర్దుకుని, ఒకే వంటగదిలో వంతులవారీగా వండుకున్నాయి. చాలా ఇళ్లలో మరుగుదొడ్డి లేదు. రాత్రి వాడిన మలపు కుండను పొద్దున్నే మోసుకెళ్లి పారబోసి, కడుక్కురావాలి. ఆ పని ఎవరి చేతుల మీద పడిందో మన పాఠకులకు విడమరచి చెప్పనక్కర్లేదు, చాలావరకు ఇంటి ఆడవాళ్ల మీదే. ఆ కుండ మోసిన మనిషికి వాస్తు సౌందర్యం గురించి చెప్పడం సులభం కాదు.

దీనికి మరో అంచు కూడా ఉంది. 2001లో తెరుచుకున్న షింటియాన్‌డిలో షికూమెన్ గోడలను జాగ్రత్తగా నిలబెట్టి, లోపల రెస్టారెంట్లు పెట్టారు. అక్కడున్న కుటుంబాలను ఖాళీ చేయించారు. గోడలు మిగిలాయి, మనుషులు పోయారు. చైనా కమ్యూనిస్టు పార్టీ 1921లో మొదటి మహాసభ ప్రారంభించిన ఇల్లు కూడా ఆ పక్కనే ఉంది, అదొక విడ్డూరం.

అన్నీ అనిత్యమే కదా, ఏడవడం దేనికి అనే జవాబు మన దగ్గర సిద్ధంగా ఉంటుంది. ఆ జవాబును మనం అంత చౌకగా వాడకూడదు. ఇళ్లు కూలగొట్టించేవాడు కూడా అదే మాట అనగలడు. అనిత్యత వల్లనే మిగతాదేదైనా సాధ్యమవుతుందని బాబాసాహెబ్ వివరించారు. మారనిదైతే విత్తనం మొలకెత్తదు, అణగారినవాడు లేవడు. ఆ బాబాసాహెబే 1948 నవంబరు 4న రాజ్యాంగ సభలో పాత గ్రామాన్ని పొగిడేవాళ్లను నిలదీశారు. అది అజ్ఞానానికి, సంకుచితత్వానికి గూడు కాక మరేమిటని అడిగారు. మన దగ్గరా ‘మా ఊరు పోయింది’ అని దూరాన కూర్చుని బాధపడేవాళ్లలో చాలామంది ఊళ్లో పుట్టినవాళ్లు, వాడలో పుట్టినవాళ్లు కాదు.

షాంఘైలో వాడ ఎవరిదంటే, హుకో లేనివాళ్లది. పుట్టినచోటికి మనిషిని కట్టేసే ఈ నమోదు పద్ధతికి 1958లో చట్టరూపం ఇచ్చారు. 2020 జనగణనలో నగర జనాభా సుమారు రెండున్నర కోట్లు, అందులో కోటి మందికి పైగా బయటి రాష్ట్రాలవాళ్లు. భవనాలు కట్టిందీ, సరుకులు ఇంటింటికీ చేరవేస్తున్నదీ ఎక్కువగా వాళ్లే. వాళ్ల పిల్లల్లో ఎక్కువమంది కాలేజీ ప్రవేశ పరీక్షకు తాము ఎరగని సొంతూరికి వెళ్లాలి. 2017 ప్రాంతంలో అనుమతి లేని చిన్న దుకాణాల ముఖద్వారాలను ఇటుకలతో మూసేసినప్పుడు, అందులో నూడుల్స్, పండ్లు అమ్ముకునేవాళ్లు ఎక్కువగా వీళ్లే. 2022లో రెండు నెలలు నగరాన్ని దిగ్బంధించినప్పుడు విదేశీయులు చాలామంది విమానం ఎక్కి పోయారు. గేటు దాటి లోపలికెళ్తే తిరిగి బయటికి రానివ్వరని డెలివరీ కుర్రాళ్లు కొందరు వంతెనల కింద పడుకున్నారు.

అయినా ఆ విదేశీయుడి బాధ దొంగబాధ అని మనం అనం. ఇరవయ్యేళ్లున్నా అతడి నివాసం అనుమతి కాగితం మీదే నడుస్తుంది. అరవై దాటితే పని అనుమతి దొరకడం కష్టం. తనది కాని నగరాన్ని ప్రేమించినవాడు అతడు, దుఃఖం దుఃఖమే. అతడి పక్కనే నూడుల్స్ అమ్మిన అన్హుయి మనిషిదీ దాదాపు అదే స్థితి అని గుర్తిస్తే, ఆ దుఃఖం తృష్ణగా మిగలక కరుణ వైపు కదిలే అవకాశం ఉంది.

ఇలాంటివాళ్లు కొందరు జింగ్‌ఆన్ విహారాన్ని చూసి పెదవి విరుస్తారు. బంగారు రంగు కప్పులు, చుట్టూ మాల్స్, కింద మెట్రో, అంతా కొత్తగా, నకిలీగా ఉందంటారు. ఆ విహారం ఇప్పుడున్న చోటికి 1216లో వచ్చింది, అంతకుముందు వేరేచోట ఉండేది. సాంస్కృతిక విప్లవ కాలంలో ప్లాస్టిక్ ఫ్యాక్టరీ అయింది. 1972లో కాలిపోయింది. ఇందులో ఏది అసలుదో చెప్పమంటే ఎవరేం చెబుతారు? జేడ్ బుద్ధ విహారంలోనైతే జనం తాకిడికి చోటు చాలక, 2017లో ప్రధాన మందిరాన్ని లోపలి విగ్రహాలతో సహా ముప్పై మీటర్లు పక్కకు జరిపారు. అందుకు సుమారు రెండు వారాలు పట్టింది. చూడ్డానికి పట్టాలేసినట్టు, అంగుళం అంగుళం.

అంత ఓపికగా జరిపిన కుటుంబాలు ఆ నగరంలో ఎన్ని ఉంటాయో. లిలోంగ్ ఖాళీ చేసినవాళ్లకు శివార్లలో సొంత వంటగది, సొంత స్నానాల గది ఉన్న ఫ్లాట్లు దొరికాయి, అది చిన్న విషయం కాదు. పాత ఆసుపత్రి, పాత పొరుగు మాత్రం గంట దూరమయ్యాయి. పోయిన సందు గురించి ఈసారి ఎవరైనా మన ముందు నిట్టూరిస్తే, వాళ్లను ఒకటే అడుగుదాం: ఆ సందులో రోజూ పొద్దున కుండ కడిగిన ఆవిడ ఇప్పుడు ఏ మెట్రో లైను చివర ఉంటోంది?