‘ఆయ్’ అంటే ఒప్పుకున్నట్టా?

గోదావరి జిల్లాల వాళ్ళకి ‘ఆయ్’ అనే మాట గురించి ఎవరూ చెప్పక్కర్లేదు. బయటివాళ్ళే పొరబడతారు. ఎదుటి మనిషి వరసపెట్టి ‘ఆయ్’, ‘ఆయ్’ అంటుంటే చెప్పినదానికల్లా ఒప్పేసుకుంటున్నాడనుకుంటారు. చాలాసార్లు దాని అర్థం ‘వింటున్నానండి, కానివ్వండి’ అని మాత్రమే. అది మర్యాద, బేరం కుదిరిందనడానికి గుర్తు కాదు. పొలం బేరానికొచ్చినవాడు నాలుగు ‘ఆయ్’లు విని బయానా చేతిలో పెట్టబోతే ఊరు నవ్వుతుంది.

కంప్యూటర్ నవ్వదు. ‘ఆయ్’ అనగానే రిజిస్ట్రేషన్ చేసేస్తుంది.

మీకూ తెలిసిందే. ఏదో పనిలో ఉంటాం. తెర మధ్యలో ఒక పెట్టె లేస్తుంది. ఫలానా ప్రోగ్రామ్ మార్పులు చేస్తానంటోంది, పాస్‌వర్డ్ కొట్టండి అంటుంది. పేరు ఎప్పుడూ విన్నది కాదు: ఏదో ‘హెల్పర్’, ఏదో ‘అప్‌డేటర్’, ఏదో ‘ఏజెంట్’. ఆ పెట్టె పోతేగానీ మన పని సాగదు. కొట్టేస్తాం. పెట్టె పోతుంది. ఇప్పుడు ప్రశ్న ఏంటంటే, మనం చేసింది ఒప్పుకోవడమా, దారికి అడ్డం తొలగించుకోవడమా?

ఈ ప్రశ్నకి మన దేశంలో పాత జవాబే ఒకటుంది. 1872 నాటి భారత ఒప్పందాల చట్టం, పదమూడో సెక్షన్. ఇద్దరూ ఒకే విషయానికి, ఒకే అర్థంలో ఒప్పుకుంటేనే అది సమ్మతి అని దాని సారాంశం. ఈ కొలతతో కొలిస్తే పాస్‌వర్డ్ పెట్టెల్లో ఎన్ని నిలబడతాయి? ‘ఈ ప్రోగ్రామ్ ఇకనుంచి మెషీన్ ఆన్ చేసినప్పుడల్లా తానే లేస్తుంది, వెనక నడుస్తూనే ఉంటుంది’ అన్నది దాని అర్థం. ‘ఇది పక్కకి పోవాలి’ అన్నది మన అర్థం. ఇవి రెండూ ఒకటి కావు. పల్లెటూళ్ళలో అప్పిచ్చేవాడు ఖాళీ ప్రాంసరీ నోటు మీద సంతకం పెట్టించుకోవడం మనకి తెలుసు. అంకె తర్వాత వేసుకుంటాడు. సంతకం నిజమైనదే, చెయ్యి మనదే. అయినా అక్కడ జరిగింది న్యాయమని ఎవరూ అనరు.

2005లో సోనీ బీఎంజీ పాటల సీడీలతో జరిగింది దీనికి తగిన ఉదాహరణ. కొన్ని సీడీలని విండోస్ కంప్యూటర్లో పెడితే కాపీ కాకుండా చూసే సాఫ్ట్‌వేర్ ఎక్కేది. అది సిస్టమ్‌కే కనపడకుండా దాక్కునేది. మార్క్ రస్సినోవిచ్ అనే ఇంజనీరు తన మెషీన్‌లో దాన్ని కనిపెట్టి ఆ ఏడాది అక్టోబర్ 31న బయటపెట్టాడు. అంతకుముందు తెర మీద ఒక ఒప్పందం కనపడేది, జనం ‘సరే’ నొక్కేవారు. కానీ ఇలా దాక్కుంటుందని, తీద్దామంటే పద్ధతిగా రాదని అందులో లేదు. ‘సరే’ ఉంది, సమ్మతి లేదు.

అసలీ పెట్టెలు పుట్టింది మంచి ఉద్దేశంతోనే. 2007లో మార్కెట్లోకొచ్చిన విండోస్ విస్టా, ప్రతి పెద్ద మార్పుకీ యజమానిని అడగడం మొదలుపెట్టింది. జనం విసిగిపోయారు. మరుసటి ఏడాది ఒక సదస్సులో మైక్రోసాఫ్ట్ ప్రతినిధి ఒకరు దాచుకోకుండా చెప్పారు: విసిగించడానికే పెట్టామని. వాడేవాళ్ళు విసుక్కుంటే సాఫ్ట్‌వేర్ కంపెనీలు అక్కర్లేని అధికారాలు అడగడం మానేస్తాయని వాళ్ళ ఆలోచన. అత్త మీద కోపం దుత్త మీద చూపించడం అంటే ఇదే. 2009లో విండోస్ 7 వచ్చాక పెట్టెలు తగ్గాయి. కానీ అప్పటికే చేతికి అలవాటైపోయింది, చదవకుండా నొక్కడం.

దొంగకి కావలసింది ఆ అలవాటే. మ్యాక్‌లలో పాస్‌వర్డ్ కాజేసే కొన్ని మాల్వేర్లు తాళం పగలగొట్టవు. సిస్టమ్ అడిగినట్టే ఒక పెట్టె చూపిస్తాయి. మనమే తెచ్చి ఇస్తాం.

ఇదంతా నాకు సిద్ధాంతంగా కాకుండా ఇంటి సమస్యగా తగిలింది మా బాబాయి దగ్గర. ఆయన రామచంద్రపురం దగ్గర ఒక ఊళ్ళో ఉంటారు. వరి, కొంచెం కొబ్బరి. లెక్కలన్నీ లాప్‌టాప్‌లో ఎక్సెల్‌లో రాసుకుంటారు. ప్రింటర్‌తో ఒకటి, ఫ్రీగా దొరికిన వీడియో ప్లేయర్‌తో రెండు, ఇలా ఎక్కిన ప్రోగ్రాములు దాన్ని కాలవలో గుర్రపుడెక్కలా కప్పేశాయి. ఎండాకాలం కాలవలు కట్టేసి పూడికా, గుర్రపుడెక్కా తీసినట్టు నేనూ వెళ్ళినప్పుడల్లా స్టార్టప్ జాబితా విప్పి అక్కర్లేనివి ఆపుతాను, పీకేస్తాను. మళ్ళీ వెళ్ళేసరికి మళ్ళీ అల్లుకుంటాయి. పాస్‌వర్డ్ ఆయన చేతిలో ఉందిగా!

ఇంజనీర్లకి తెలిసిన పరిష్కారం ఒకటుంది. ఆయన ఖాతాని మామూలు ఖాతాగా మార్చి, అడ్మిన్ పాస్‌వర్డ్ నేను పట్టుకుపోవడం. అప్పుడు ఆయన ఎన్ని ‘ఆయ్’లన్నా అడ్మిన్ పాస్‌వర్డ్ అడిగేవేవీ ఎక్కవు. ఇదే చెప్పాను. ఆయన కళ్ళజోడు తీసి, “ఏరా, నా కంప్యూటర్‌కి నన్నే పాలేరుని చేస్తావా?” అన్నారు.

నవ్వుతూనే అన్నారు గానీ, ఆ మాటని తేలిగ్గా తీసుకోలేకపోయాను. తెలియదు కాబట్టి తాళం చేతులు మా దగ్గర ఉంచండి అన్న వాదన ఇవాళ్టిది కాదు. ఆడవాళ్ళ ఆస్తి విషయంలో తరతరాలు ఇదే చెప్పారు: ఆవిడకేం తెలుసు, మేం చూసుకుంటాం అని. పోనీ ఏమీ చెయ్యకుండా వదిలేస్తే? ‘నీ ఇష్టం బాబాయ్’ అనడం స్వేచ్ఛలా వినిపిస్తుంది. నిజానికి అది ఆయన్ని ఆ పెట్టెలకి ఒంటరిగా అప్పజెప్పడమే.

ఇక్కడ మళ్ళీ పాత న్యాయమే దారి చూపిస్తుంది. ఘోషా స్త్రీలు, చట్టం భాషలో పరదానశీన్ స్త్రీలు, రాసిచ్చిన దస్తావేజుల మీద ప్రివీ కౌన్సిల్ కాలం నుంచీ మన కోర్టులు ఒక సూత్రం పాటించాయి. తర్వాత చదువురాని వాళ్ళకీ వర్తింపజేశాయి. ఆవిడ సంతకం పెట్టకూడదని అనలేదు. ఆ సంతకం వల్ల లాభపడేవాడే, ఆవిడకి విషయం చదివి వినిపించారని, ఆవిడ అర్థం చేసుకునే పెట్టిందని రుజువు చెయ్యాలన్నాయి. అంటే హక్కు తియ్యలేదు, భారం మార్చాయి. నాకు ఇది చాలా గొప్ప ఆలోచనగా కనిపిస్తుంది.

మా ఇంట్లో కుదిరిన ఏర్పాటు కూడా ఇలాంటిదే. ఖాతా మామూలు ఖాతాగా మారింది. అడ్మిన్ పాస్‌వర్డ్ ఆయనదే, ఆయనే పెట్టుకున్నారు. కాగితం మీద రాసి బీరువాలో పట్టాదారు పాసుపుస్తకం పక్కన పెట్టారు. కావాలంటే లేచి వెళ్ళి తెచ్చుకోవాలి. సూత్రం ఒక్కటే: తాను ఏ పనీ మొదలుపెట్టకుండా దానంతట అది లేచిన పెట్టెకి ‘వద్దు’ అనాలి. తాను మొదలుపెట్టిన పనికి వచ్చిందైతే పేరు చదివి, అప్పుడు బీరువా దగ్గరికి వెళ్ళాలి. కుర్చీలోంచి బీరువా దాకా పది అడుగులుంటాయేమో. ఆలోచించడానికి ఆ పది అడుగులు చాలు.

కానీ ప్రతి ఇంటికీ ఒక బీరువా, ఒక ఇంజనీరు ఉండరు. భారం మారాల్సింది అవతలి వైపు. 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం, వ్యక్తిగత డేటా వరకైనా, ఆ దిశగా నాలుగు మాటలు అంది. సమ్మతి స్వేచ్ఛగా, స్పష్టంగా ఉండాలి. ఇచ్చినంత సులువుగా వెనక్కి తీసుకోగలగాలి. నోటీసు తెలుగులో చదువుకునే వీలుండాలి. తగువొస్తే సమ్మతి తీసుకున్నామని రుజువు చెయ్యాల్సింది తీసుకున్నవాళ్ళే. వెనక నడిచే ప్రతి ప్రోగ్రామ్‌కీ ఈ కొలత ఎందుకు పెట్టకూడదు? ఎక్కడానికి ఒక్క నొక్కు చాలినప్పుడు దిగడానికి పది మెట్లెందుకు?

మా వృత్తిలో ‘యూజర్ కన్సెంట్ ఉంది’ అనే మాట మీటింగుల్లో చాలా ధీమాగా వినిపిస్తుంది. ఆ మాట విన్నప్పుడల్లా ఒకటే అడగాలనిపిస్తుంది. అవతలి మనిషి ఒప్పుకున్నాడా, లేక మీరు ఎప్పుడు ఆపుతారా అని మర్యాదకి ‘ఆయ్’ అన్నాడా? ఆ రెంటికీ తేడా తెలుసుకోవడం వినేవాడి పని. వాళ్ళు చెయ్యకపోతే తప్పు ‘ఆయ్’ అన్నవాడిది కాదు.