ఉరుము వేళ ముసలి కుక్క

ధ్యాన భాగములు: సామెతలు 12:10, మార్కు 4:35–41, అపొస్తలుల కార్యములు 27:33–44



ఈ నెల మేము ఒక కుక్కను గూర్చి వ్రాయుచున్నాము. సంఘ పత్రికలో కుక్క సంగతి యేమిటని కొందరు నవ్వవచ్చును. లేఖనములలో కుక్కకు గౌరవమైన చోటు లేదన్నది నిజమే. అది ఊరి వీధులలో తిరుగు అపవిత్ర జంతువుగానే తరచు కనబడును. అయినను ధనవంతుని వాకిట పడియున్న లాజరు పుండ్లయొద్దకు వచ్చినవి కుక్కలే గాని ఆ యింటివారు కారు. తన కొట్టములోని మూగజీవిని ఒకడు ఎట్లు చూచునో, దానినిబట్టియు వాని నీతి తెలియునని సామెతల గ్రంథము బోధించుచున్నది. కావున ఈ సంగతి వ్రాయుటకు మేము సిగ్గుపడము. మేము సిగ్గుపడవలసినది వేరొకటి కలదు. దానిని దాచక చెప్పెదము.

కార్వేటినగరములో కాపురమున్నవారికి ఇచ్చటి వేసవి గాలివానలు తెలియును. ఏప్రిల్, మే నెలలలో, మామిడికాయ బరువెక్కు దినములలో, మధ్యాహ్నము వరకు ఎండ నిప్పులు చెరుగును. సాయంకాలమునకు కొండలమీద నల్లని మబ్బు లేచును. మొదట గాలి వచ్చును, దాని వెనుక దుమ్ము, ఆ వెనుక ఉరుము. తోటలుగలవారు రాలిపోవు కాయలను తలంచి దిగులుపడుదురు. మా యింటిలో గడచిన మూడేండ్లుగా దిగులు కుక్కను గూర్చియే.

దాని పేరు టామీ. నాటు కుక్క. ఇప్పుడు దానికి పదకొండేండ్లు దాటినవి. పడుచుతనమున ఉరుమునకు ఒక చెవి నిక్కించి మరల పండుకొనెడిది. ముసలితనము వచ్చిన తరువాత మబ్బు పట్టగానే రొప్పుట, వణకుట, గోడవారగా తిరుగుట మొదలుపెట్టెను. రెండేండ్ల క్రిందట మే నెలలో ఒక సాయంకాలము మా వసారాలో ప్రార్థన కూటము జరుగుచుండగా గాలివాన పట్టుకొనెను. కుక్క కూర్చున్నవారి కాళ్ళ నడుమ దూరి, ఒక తల్లి ఒడిలోని బిడ్డను త్రొక్కబోయెను. మాకు తల కొట్టివేసినట్లాయెను. దానిని గొలుసుతో వసారా స్తంభమునకు కట్టి, పెద్దగా కసరి, లోపలికి వచ్చి తలుపు వేసుకొని పాట ఎత్తుకొంటిమి.

పాట ముగియకమునుపే సంఘములోని ఒక వృద్ధ విధవరాలు లేచి తలుపు తీసెను. గొలుసు స్తంభమునకు చుట్టుకొని కుక్క మెడ బిగిసియుండెను. మెడ చర్మము ఒరసిపోయెను. తలుపును గీకి గీకి గోళ్ళనుండి నెత్తురు కారుచుండెను. ఆమె గొలుసు విప్పి, మా వైపు తిరిగి, "అయ్యా, దానికీ చెవులుండాయి గదా. మీరు అరిస్తే దానికి ఉరుములు రెండయినాయి" అనెను.

ఆ రాత్రి మేము చేయవలసిన ప్రసంగము చేయలేదు.

కుక్క మొండితనమువలన అట్లు చేయుచున్నదని మేమనుకొంటిమి. బుజ్జగించిన యెడల భయము అలవాటగునని, కసరిన యెడల మానుననియు అనుకొంటిమి. అనేకులు నేటికిని అట్లే తలంచుచున్నారు. ఇది పొరపాటు. భయము నేర్చుకొన్న పని కాదు. అది ప్రాణిని పట్టుకొను స్థితి. కూర్చుండుమని చెప్పి, కూర్చున్నప్పుడు రొట్టెముక్క యిచ్చిన కూర్చుండుట పెరుగును. వణకుచున్నదానికి రొట్టెముక్క యిచ్చినంత మాత్రమున వణకు పెరుగదు. యజమానుడు కసరినను కొట్టినను అది ఉరుమునకు మాత్రమే గాక యజమానునికి కూడ వెరచును. వృద్ధురాలు చదువుకొన్నది కాదు గాని సంగతి సరిగా చెప్పెను.

కొంచెము ఆలోచింపుడి. ఉరుమనగా నేమో మనకు తెలియును. మెఱుపు పోవు త్రోవలోని గాలి సుమారు 30,000 సెంటిగ్రేడు డిగ్రీల వేడికెక్కి ఒక్క పెట్టున వ్యాకోచించుటవలన ఆ మ్రోత పుట్టును. మెఱుపు కనబడినది మొదలు ఉరుము వినబడువరకు మూడు సెకనులు పట్టిన యెడల పిడుగు సుమారు ఒక కిలోమీటరు దూరమున ఉన్నదని లెక్క. ఆ లెక్క తెలిసినందుననే మనము ఊపిరి పీల్చుకొందుము. కుక్కకు ఆ లెక్క ఎవరు చెప్పగలరు? దాని చెవి మన చెవికంటె చురుకైనది. మనము సెకనుకు సుమారు 20,000 కంపనముల వరకే వినగలము, అది సుమారు 45,000 వరకు వినును. కొండ కవతలి సన్నని గర్జన మనకంటె ముందుగా దాని చెవిని పడును. గాలి వాసన, మబ్బు చీకటి, కిటికీలోని మెఱుపు, ఇవన్నియు రాబోవు మ్రోతకు గురుతులని అది నేర్చుకొనును. ముసలితనమున చెవి మందగించినను భయము పోవునని నమ్మరాదు. మెఱుపు కనబడుచునే యుండును, నేల అదరుట తెలియుచునే యుండును.

మరుసటి వారము దానిని పశువైద్యునియొద్దకు తీసికొనిపోతిమి. ఆయన చెవులు చూచునని తలంచితిమి. ఆయన చెవులకంటె ముందు నడుమును, తొంటి కీళ్ళను నొక్కి చూచెను. ఒకచోట నొక్కగా కుక్క కుయ్యిమనెను. ముసలి కుక్కకు క్రొత్తగా ఉరుము భయము పుట్టిన యెడల మొదట నొప్పిని వెదకవలెనని ఆయన చెప్పెను. అది వట్టి ఊహ కాదు. 2018లో ఇంగ్లండు, బ్రెజిలు దేశముల పరిశోధకులు శబ్దమునకు భయపడు 20 కుక్కలను పరిశీలించిరి. వాటిలో 10 ఎముకల, కండరముల నొప్పిగలవి. ఆ పదింటికి భయము తక్కినవాటికంటె ఎక్కువ వయస్సున మొదలైనట్లును, చోటు మారినను ఆ భయము వెంట వచ్చినట్లును వారు కనుగొనిరి. మ్రోత వినగానే ఒడలు బిగుసుకొనును. బిగుసుకొనగానే కీలు పోటు పెట్టును. అప్పటినుండి మ్రోతయే పోటని ఆ జీవి తలంచునని వారి అభిప్రాయము. మూడేండ్లు మేము ఉరుము భయమని పిలిచినదానిలో సగము కీళ్ళ నొప్పి. ఇక్కడ ఒక హెచ్చరిక. మన యింటిలోని నొప్పి మాత్రలను కుక్కకు వేయరాదు. ఐబుప్రోఫెన్ వంటివి దాని కడుపును, మూత్రపిండములను పాడుచేసి చంపగలవు.

ఇప్పుడు గలిలయ సముద్రము మీదికి రండి. తుపానులో శిష్యులు భయపడిన కథను మత్తయి, మార్కు, లూకా ముగ్గురును వ్రాసిరి. మత్తయి సువార్తలో ప్రభువు మొదట వారి అల్పవిశ్వాసమును గూర్చి అడిగి, తరువాత గాలిని అణచెను. మార్కులోను లూకాలోను మొదట గాలి అణగెను. ప్రశ్న ఆ పిమ్మటనే వచ్చెను. ఈ భేదమునకు పండితులు చెప్పు కారణము లెన్నియైనను ఉండనిండు, మాకు మాత్రము ఆ సాయంకాలము తరువాత మార్కు చెప్పిన క్రమమే నచ్చుచున్నది. అల దోనెలోనికి కొట్టుచుండగా విశ్వాసమును గూర్చిన పాఠము ఎవని చెవి కెక్కును? మరియొక సంగతి గమనింపుడి. ఆయన ఒడ్డున నిలిచి కేకవేయలేదు. వారెక్కిన దోనెలోనే యుండెను. గాలిని అణచు అధికారము మనకు లేదు. దోనెలో నుండుట మనకు సాధ్యమే.

పౌలు ఎక్కిన ఓడయందు మరియొక విధము చూతుము. పదునాలుగు దినములు ఆ 276 మంది భోజనము లేక గాలికి కొట్టుకొనిపోయిరి. పౌలు వారి యెదుట రొట్టె పట్టుకొని, దేవునికి స్తోత్రము చెల్లించి, విరిచి తిన మొదలుపెట్టెను. అది చూచి వారును ధైర్యము తెచ్చుకొని తినిరి. తుపాను ఆ క్షణమున ఆగలేదు, ఓడయు దక్కలేదు, జనులందరు దక్కిరి.

పశువైద్యుడు మాకు నేర్పిన సాధకము ఇంచుమించు ఆ రొట్టె వంటిదే. ఉరుములు లేని జనవరి, ఫిబ్రవరి నెలలలో ఫోనులో ఉరుము శబ్దమును, చెవికి అందీ అందనంత మెల్లగా, వినిపింపవలెను. వినబడుచున్నంతసేపు ఉడికిన కోడిమాంసపు తునకలు (ఎముకలు కావు) ఒక్కొక్కటిగా పెట్టవలెను. శబ్దము ఆగిన వెంటనే తునకలు ఆగవలెను. కుక్క తినుట మానిన యెడల శబ్దము హెచ్చినదని గ్రహించి తగ్గింపవలెను. రోజుకు అయిదు నిమిషములు చాలును. మేము తొందరపడి రెండవ వారములోనే శబ్దము పెంచి, చేసినదంతయు చెడగొట్టుకొని, మరల మొదటినుండి ఆరంభించితిమి. ఫోనులోని ఉరుమునకు మెఱుపు లేదు, గాలి లేదు, నేల అదరుట లేదు. అందుచేత ఈ సాధకము ఒక్కటే చాలదు.

గాలివాన దినమున మేము చేయునది ఇది. దామిని అను ఫోను యాప్ పిడుగుపాటును ముందుగా తెలుపును గనుక, మబ్బు కమ్మకముందే కుక్కను బయటికి తీసికొనిపోయి మలమూత్రములకు విడిచెదము. పిదప కిటికీలు లేని నడిమి గదిలో మంచము క్రింద దాని పాత దుప్పటి పరచి, దీపము వెలిగించి, ఫ్యానును రేడియోను పెట్టి, తలుపు ఓరగా ఉంచెదము. మంచము క్రిందినుండి దానిని ఈడ్చము. అది దగ్గరకు వచ్చిన యెడల నిమిరెదము, రాని యెడల ఊరక నేలమీద కూర్చుండెదము. మరియు గాలివానలో కుక్కనైనను మేకనైనను చెట్టుక్రింద కట్టరాదు. పిడుగు ఎత్తైన చెట్టును వెదకును.

ఇంతయు చేసినను తాళలేని కుక్కలు గలవు. వాటికి ఔషధములున్నవి, వైద్యుడు చూచియే ఇయ్యవలెను. చిగుళ్ళకు పూయు డెక్స్‌మెడిటోమిడిన్ లేపనమును 2015లో అమెరికా ప్రభుత్వము కుక్కల శబ్దభయమునకై అనుమతించెను. పూర్వము విరివిగా వాడిన ఏసిప్రోమజీన్ అను మందును మాత్రము ఈ భయమునకు ఒంటరిగా ఇయ్యవద్దని నేటి వైద్యులు చెప్పుచున్నారు. కారణము వినుడి. అది దేహమును కదలనీయదు గాని భయమును తీయదు. కుక్క నిమ్మళముగా పడియున్నదని ఇంటివారు సంతోషింతురు; లోపల అది వణకుచునే యుండును.

దీనిని విన్నప్పుడు మాకు కుక్క జ్ఞాపకము రాలేదు. మా సంఘములో మాటకు అడ్డుపడక మూల కూర్చుండు ముసలివారును, కసరుటవలన నోరు మూసుకొన్న పిల్లలును జ్ఞాపకమునకు వచ్చిరి. వారిని నెమ్మదిగలవారని మేము ఎన్ని మారులు మెచ్చుకొంటిమి!

ఇంకొక మాట, కొందరికి రుచింపకపోవచ్చును. దీపావళి టపాసులను గూర్చి మనము సులువుగా విమర్శింతుము. క్రిస్మసు రాత్రియు, డిసెంబరు 31 రాత్రి ఆరాధన విడిచిన పిమ్మటను మన యువకులు మందిరపు వాకిట పేల్చు టపాసుల సంగతి యేమి? గడచిన డిసెంబరులో మేము పెద్దల కమిటీలో ఈ సంగతి ఎత్తితిమి. ఒప్పుకొన్నవారు ముగ్గురు. ఈ ఏడు మరల ఎత్తెదము.

టామీ బాగైనదని మేము సాక్ష్యము చెప్పజాలము. కీళ్ళకు మందు వేయుచున్నాము. మునుపటికంటె సులువుగా లేచుచున్నది. భయము తగ్గినది గాని పోలేదు. మొన్నటి గాలివానకు, పుష్కరిణి వైపునుండి మొదటి ఉరుము రాగానే, తానై నడిమి గదికి పోయి మంచము క్రింద దూరెను. మా ఇంటావిడ ఒక ప్రక్కను మేము ఒక ప్రక్కను నేలమీద కూర్చుంటిమి. వృద్ధురాలు కూడ వానకు తడిసి వచ్చి గడపమీద కూర్చుండెను. కరెంటు పోయెను. కోడిమాంసపు తునకలు మూడు తినెను, నాలుగవది ముట్టలేదు. పెద్ద ఉరుము ఒకటి పడినప్పుడు దాని మూతి మా పాదము మీదికి వచ్చెను. వాన వెలిసిన అరగంటకు అది మెల్లగా బయటికి వచ్చి, ఒడలు విదుల్చుకొని, నీళ్ళు త్రాగి, వాకిలియొద్ద నిలిచి మా వైపు చూచెను. మేము లేచి తలుపు తీసితిమి.