పాలు అడగని దేవత

శ్రావణ శుద్ధ పంచమికి హైదరాబాద్‌లో నాగపూజ రెండు రకాలుగా జరుగుతుంది. గుళ్లో చెట్టు కింద నాగశిలలకు పసుపు, కుంకుమ, పాలు ఒకటి. వాకిట్లో బుట్ట మూత తీయించి, పడగ విప్పిన పాము ముందు గిన్నె పెట్టడం మరొకటి. ఆంధ్ర జిల్లాల నుంచి వచ్చి దిల్‌సుఖ్‌నగర్, ఎల్బీనగర్ వైపు స్థిరపడ్డ కుటుంబాలు దీపావళి వెళ్లాక కార్తీక శుద్ధ చవితినాడు చిమ్మిలి, చలిమిడి పట్టుకుని పుట్ట వెతుక్కుంటాయి. రాతికి పోసినా, పుట్టలో పోసినా, ప్రాణమున్న పాముకు పట్టించినా పాలు పాలే. పుణ్యం కూడా ఒకటేనా?

పాము కడుపును అడిగితే కాదంటుంది. అది ఎలుకనో కప్పనో నమలకుండా మింగి, ఎముకలతో సహా కరిగించుకునే జీవి. ఆ అరుగుదలకు కావలసిన వేడి ఒంట్లో పుట్టదు, బయటి నుంచే అందాలి. చల్లటిచోట ఉంచినా, తిన్న వెంటనే చేతుల్లోకి తీసుకున్నా మింగింది కక్కేయవచ్చు. విదేశాల్లో కొండచిలువలు పెంచేవాళ్లు మేత పెట్టాక రెండు రోజులపాటు వాటిని ముట్టుకోరు. కక్కితే మళ్లీ మేత పెట్టడానికి పది రోజులో, రెండు వారాలో ఆగుతారు. అంత సున్నితమైన కడుపులో పాలలోని చక్కెర అరగదు. పాలిచ్చి పెంచే జాతి కాదు గనుక పుట్టిన ఏ పామూ తల్లిపాలు ఎరగదు.

మరి తాగుతుందేం? దాహం. పండగకు ముందు రోజుల తరబడి నీళ్లివ్వకుండా బుట్టలో బంధించిన పాము ఏ ద్రవం పెట్టినా తాగుతుంది. పాలు శ్వాసనాళంలోకి పోతే ఊపిరితిత్తులు చెడతాయి. కోరలు పీకిన నోట్లో పుండు ఎటూ ఉంటుంది. పాముకు పాలు పోసి పెంచినట్టు అనే సామెతలో నష్టపోయేది మనిషి. వాస్తవంలో చచ్చేది పాము.

ఇది భక్తి మీద ఫిర్యాదు కాదు. నైవేద్యం వేరు, భోజనం వేరు అన్నదే ఇక్కడి మాట. శిల నైవేద్యం అందుకుంటుంది, దానికి అరగడమనే బాధ లేదు. ప్రాణిముందు పెట్టింది దాని పేగుల్లోకి దిగుతుంది. దానానికి దేశం, కాలం, పాత్రత చూడాలని భగవద్గీత 17వ అధ్యాయం చెబుతుంది. పుచ్చుకునేవాడి ఆకలి తెలియకుండా పాత్రత ఎలా తెలుస్తుంది? శ్రీకాళహస్తి పేరులోనే శివుణ్ణి కొలిచిన సర్పం ఉంది. మన పురాణంలో పాము తానే ఒక భక్తురాలు. భక్తురాలి ఒంటికి పడనిది బలవంతంగా తాగించడాన్ని పూజ అనడం కష్టం.

రాతి పాముకు పాలు, నిజం పాముకు కర్ర అనే తేడాను 12వ శతాబ్దంలోనే కన్నడ వచనకారుడు బసవన్న నిలదీశాడు. పొలాలు ప్లాట్లవుతున్న బడంగ్‌పేట్ లాంటి నగర శివార్లలో అది పాతబడిన మాట కాదు. గుడిలో మొక్కిన చేయి సందులో పాము కనబడగానే కర్ర అందుకుంటుంది. కర్ర బదులు ఫోన్ అందుకుంటే, పాములను చంపకుండా పట్టుకెళ్లే ఫ్రెండ్స్ ఆఫ్ స్నేక్స్ సొసైటీ కార్యకర్తలున్నారు. బుట్టలో పామును పట్టి ఆడించడం 1972 వన్యప్రాణి చట్టం ప్రకారం నేరం కూడా. అలాంటి బుట్టల్లోంచి విడిపించిన పాములకు వైద్యం మొదలయ్యేది ఎండిపోయిన ఒంటికి నీళ్లు పట్టించడంతోనే.