ఇంటి వ్యాపారము - అచౌర్య వ్రతము

బెంగళూరు చిక్‌పేట, అవెన్యూ రోడ్డు ప్రాంతములలో వర్తకము చేయు జైన కుటుంబములు అనేకము కలవు. అంగడిలో చిట్టా వ్రాయని దినముండదు. కాని ఇంటివద్ద అప్పడములో, ఖాఖ్రాలో, మిఠాయిలో చేసి అమ్మునపుడు తరచు లెక్క యుండదు. “ఇంటిపనికి లెక్క యేమిటి?” అందురు. ఈ మాటలో ఒక ధర్మసందేహము దాగియున్నది.

అచౌర్యమనగా పరుల సొత్తు దోచకుండుట మాత్రమే కాదు, ఈయనిదానిని గ్రహింపకుండుట. శ్రావకుని ఈ అణువ్రతమునకు ఉమాస్వాతి తత్త్వార్థసూత్రము ఏడవ అధ్యాయమున ఐదు అతిచారములు చెప్పబడినవి: దొంగను ప్రోత్సహించుట, దొంగసొత్తు కొనుట, రాజ్యశాసనమును మీరుట, తూకములలో మోసగించుట, కల్తీసరుకు అమ్ముట. ఈ నియమములు అంగడికి వేరు, వంటయింటికి వేరు కావు. అంగడిలో తక్కెడను కొనువాడు చూచును. ఇంటిలో వ్రతమొక్కటే చూడవలెను.

2025 జూలైలో బెంగళూరు చిరువ్యాపారులనేకులకు వాణిజ్యపన్నుల శాఖ నోటీసులు పంపెను. యు.పి.ఐ. ద్వారా వచ్చిన మొత్తములే అందులకు ఆధారము. సరుకులమ్మువారి రాబడి యేడాదికి 40 లక్షల రూపాయలు దాటినచో జి.ఎస్.టి. నమోదు కావలెనని అప్పటి నియమము. బంధువులు పంపిన సొమ్ము, అప్పు తీర్చిన సొమ్ము, అమ్మకపు సొమ్ము ఒకే ఖాతాలో కలిసినచో, ఏది వ్యాపారమో నిజాయితీపరుడు సైతము చూపజాలడు. వేరు ఖాతా, ప్రతి అమ్మకమునకు రసీదు - ఇవి ధనికుల ఆడంబరములు కావు, సత్యమునకు సాక్షులు.

ఇంతకంటె సూక్ష్మమైన విషయము మరియొకటి కలదు. తెల్లవారుజామున లేచి పిండి కలుపు కోడలి శ్రమ ఏ పద్దున వ్రాయబడినది? లాభము మాత్రము ఇంటి యజమాని పేర జమయగును. “తనవారికొరకు ప్రేమతో చేయుచున్నది, కూలి యిచ్చుట అవమానము కాదా?” అని పెద్దలడుగవచ్చును. ప్రేమతో ఇచ్చినది దానమే. కాని తానెంత యిచ్చుచున్నదో ఎరిగి, ఇయ్యకుండు స్వేచ్ఛయు కలిగి యిచ్చినదే దానము. అడుగకయే తీసికొన్నది ఈయనిదే యగును. ముందు ఆమె పేర పద్దు వ్రాయవలెను. పిదప విడుచుటయో, ఉంచుకొనుటయో ఆమె యిష్టము.

ఇది అసాధ్యమైన ఆదర్శము కాదు. 1959లో బొంబాయి గిర్గాములో ఏడుగురు గృహిణులు 80 రూపాయలు అప్పు తెచ్చి అప్పడములు చేయనారంభించిరి. అదియే లిజ్జత్ సంస్థ. కలిపిన పిండిని తూచి యిత్తురు. స్త్రీలు ఇండ్లలో ఒత్తి తెత్తురు. తెచ్చినది తూచి కూలి చెల్లింతురు. ఒత్తువారే సంస్థలో భాగస్వాములు. పని ఇంటిదే, లెక్క మాత్రము అంగడిది.

దీపావళినాడు, మహావీరస్వామి నిర్వాణదినమున, వర్తకులు క్రొత్త ఖాతాపుస్తకములను పూజింతురు. ఆ పీటమీద ఇంటి వ్యాపారపు పుస్తకమునకును చోటుండవలెను. అందు పిండి కలిపినవారి పేరును ఉండవలెను.